“మంచి బ్రాండ్ ఏదత్తా?” అనే ప్రశ్నలో నాలుగు ముడులు

మా అన్న కూతురు ఈ ఏడాది తిరుపతిలో కాలేజీలో చేరింది. హాస్టల్‌కి నాలుగు జతల గుడ్డలు తీసుకుందామని ఇద్దరం ఒక సాయంత్రం గాంధీ రోడ్డుకు పోయాం. ఒక అంగట్లో దానికి ఆకుపచ్చ కుర్తీ ఒకటి నచ్చింది. మెడ దగ్గర వేలాడుతున్న అట్టముక్క మీద ఆకు బొమ్మ, కింద ‘ఇకో ఫ్రెండ్లీ’ అనే మాట. నాకు అలవాటు కాబట్టి లోపలి కుట్టులో ఉండే చిన్న లేబుల్ తిప్పి చూశాను. పాలిస్టర్ 65 శాతం, విస్కోస్ 35 శాతం. ఆ ఆకు బొమ్మ ఎందుకు వేశారో అంగడి అబ్బాయిని అడిగితే, “కంపెనీ నుంచే అట్లా వస్తుంది మేడమ్” అన్నాడు. పాపం, అతనికి మాత్రం ఏం తెలుసు?

“కొంచెం రేటు ఎక్కువైనా పర్లేదత్తా, భూమికి హాని చెయ్యని మంచి బ్రాండ్ ఒకటి చెప్పు. ఇంక ఎప్పుడూ అదే కొనుక్కుంటా” అంది పిల్ల.

దానికి ఒక్క పేరు చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా గుడ్డల గురించి చదువుతున్నాను, మగ్గాల దగ్గరికి, అద్దకం తొట్ల దగ్గరికి వెళ్ళి చూస్తున్నాను, అయినా చెప్పలేకపోయాను. ఎందుకంటే ‘సస్టెయినబుల్’, అంటే భూమికి హాని చెయ్యనిది, అనే ఒక్క మాటలో నాలుగు వేర్వేరు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. దారం దేనితో చేశారు? రంగు ఎక్కడ వేశారు, ఆ నీళ్ళు ఎటు పోయాయి? ఎవరి చేతులు పనిచేశాయి, వాళ్ళకు ఎంత ముట్టింది? మనం దాన్ని ఎన్నిసార్లు కట్టుకుంటాం? ఒక గుడ్డ మొదటి ప్రశ్నకు చక్కగా జవాబు చెప్పి, రెండో ప్రశ్న దగ్గర తల దించుకోవచ్చు. అంగళ్ళలో జరిగే మోసం చాలావరకు ఇక్కడే ఉంది. ఒక ప్రశ్నకు జవాబు చూపించి, నాలుగింటికీ చెప్పినట్టు నమ్మిస్తారు.

ముడులు విప్పే ముందు ఊరంతా తిరుగుతున్న కొన్ని లెక్కల సంగతి చెప్పాలి. “చమురు తర్వాత ప్రపంచాన్ని ఎక్కువగా పాడుచేసే పరిశ్రమ ఫ్యాషనే” అనే మాట మీరూ వినే ఉంటారు. దాని మూలం వెతుక్కుంటూ పోయినవాళ్ళకు గట్టి ఆధారం దొరకలేదు. ప్రపంచం మొత్తం వదిలే కర్బన ఉద్గారాల్లో బట్టల వాటా ఎంత అన్నదానికి కూడా 2 శాతం నుంచి 10 శాతం దాకా రకరకాల అంచనాలున్నాయి. ఏ దశ నుంచి ఏ దశ దాకా లెక్కేశారు, చెప్పులు కలిపారా లేదా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ఒక టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్ళు అనే లెక్క కూడా అంతే. ఆ నీళ్ళు ఆకాశం నుంచి పడినవా, బోరు నుంచి తోడినవా అన్నది ఆ అంకె చెప్పదు. మన దేశంలో పత్తి పొలాల్లో దాదాపు మూడింట రెండు వంతులు వానాధారమే. వెయ్యి అడుగులు బోరు దించినా చుక్క పడని పొలాలు చూసిన చిత్తూరు మనిషికి ఈ రెండు నీళ్ళకూ తేడా విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. అంకెలు వాడొద్దని నేననడం లేదు. పెద్ద అంకె చూపించి భయపెట్టి, పక్కనే తమ సరుకు పెట్టి అమ్మేవాళ్ళను మాత్రం నమ్మొద్దంటున్నాను.

దారం

ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే నూలు, పీచుల్లో సగానికి పైగా పాలిస్టరే. అది పెట్రోలియం నుంచి వస్తుంది. ఉతికినప్పుడల్లా కంటికి కనిపించనంత సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్ళలో కలుస్తాయి. పాతబడ్డాక మట్టిలో కలవదు. అట్లాగని పాలిస్టర్ కట్టుకున్నవాళ్ళను తక్కువగా చూడడం నాకు నచ్చదు. నలుగురు పిల్లలకు యూనిఫారాలు కుట్టించే తల్లికి త్వరగా ఆరే, చిరగని, ఇస్త్రీ అక్కర్లేని గుడ్డ కావాలి. ఆమె ఆ చొక్కాను మూడేళ్ళు వాడుతుంది, తర్వాత తమ్ముడికి వేస్తుంది. ఆరుసార్లు కట్టి బీరువాలో పడేసే ఖరీదైన ఆర్గానిక్ కాటన్ కంటే ఆ చొక్కాయే భూమికి తేలిక.

‘ప్లాస్టిక్ బాటిళ్ళతో చేసిన బట్ట’ అని ఒకటి వస్తోంది. వినడానికి బాగుంటుంది. కానీ బాటిల్‌ను మళ్ళీ బాటిల్‌గా చెయ్యొచ్చు, అట్లా కొన్నిసార్లు తిప్పొచ్చు. చొక్కా అయ్యాక దాదాపుగా ఆ దారి మూసుకుపోతుంది. పాత చొక్కాను కొత్త చొక్కాగా మార్చే పని ప్రపంచంలో ఇంకా చాలా తక్కువగా జరుగుతోంది. బ్రిటన్‌లోని ఎలెన్ మెక్‌ఆర్థర్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2017లో వేసిన అంచనా ప్రకారం, బట్టల్లోకి వెళ్ళే ముడిసరుకులో మళ్ళీ కొత్త బట్టలుగా మారేది ఒక్క శాతం కంటే తక్కువ.

విస్కోస్‌ను, రేయాన్‌ను చెట్ల గుజ్జుతో చేస్తారు. అందుకే ‘సహజం’ అని అమ్ముతారు. ఆ గుజ్జును దారంగా మార్చడానికి వాడే కార్బన్ డైసల్ఫైడ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ నరాలను దెబ్బతీసే రసాయనం. లయోసెల్ అనే రకం దీనికంటే మేలు. దాంట్లో వాడే ద్రావకాన్ని దాదాపు మొత్తం తిరిగి పట్టుకుని వాడతారు.

ఇక పత్తి. మన దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీ పత్తే, అంటే జన్యువు మార్చిన రకం. 2002లో అనుమతి వచ్చాక అది అన్ని చోట్లకూ పాకింది. జన్యుమార్పిడి విత్తనం వేస్తే ఆర్గానిక్ అనడానికి నిబంధనలు ఒప్పుకోవు. అంటే ఆర్గానిక్ పత్తి పండించాలనుకునే రైతుకు విత్తనం దొరకడమే కష్టం, పక్క పొలం నుంచి కలగలిసిపోయే బెడద మరొకటి. మరి అన్ని అంగళ్ళలో అన్ని ఆర్గానిక్ కాటన్ టీషర్టులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? 2020లో గాట్స్ అనే అంతర్జాతీయ ఆర్గానిక్ వస్త్ర ప్రమాణ సంస్థే మన దేశంలో దొంగ పత్రాలతో అమ్ముడైన 20,000 టన్నుల పత్తిని బయటపెట్టింది. ఆ మోసం కనిపెట్టింది ఆ ప్రమాణం పెట్టిన సంస్థే కాబట్టి వ్యవస్థ పూర్తిగా చచ్చిపోలేదని నేను అనుకుంటాను. కానీ ‘ఆర్గానిక్’ అనే మాట ఒక్కటే చూసి డబ్బు తియ్యకూడదని కూడా అప్పుడే తేలిపోయింది.

పట్టు మాట వస్తే తిరుపతి వాళ్ళకు కొత్తగా చెప్పాల్సింది లేదు. శ్రీవారి ఆలయంలో వేదాశీర్వచనం వేళ దాతలకు కప్పే పట్టు శాలువాలు ల్యాబ్ పరీక్షలో పాలిస్టర్ అని తేలినట్టు 2025 డిసెంబరులో బయటికొచ్చింది. టీటీడీ ఏసీబీ విచారణ కోరింది. అంత పెద్ద సంస్థ కొనే గుడ్డలోనే ఇట్లా జరగగలిగితే మనలాంటివాళ్ళం అంగట్లో వేలితో తడిమి పట్టో కాదో చెప్పగలమా? నాకైతే ఆ వార్త చదివినరోజు మనసు చాలా నొచ్చుకుంది.

ఇంట్లో చెయ్యగలిగే పరీక్ష ఒకటుంది. లోపలి కుట్టు అంచు నుంచి రెండు పోగులు పీకి అగ్గిపుల్లతో వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. పట్టైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, నల్లటి బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. పాలిస్టరైతే కరిగి, గట్టి పూసలా ముద్దకడుతుంది, ప్లాస్టిక్ వాసన కొడుతుంది. పడుగు (నిలువు) పోగు, పేక (అడ్డం) పోగు రెండూ విడివిడిగా కాల్చి చూడాలి. పడుగు నూలు, పేక పాలిస్టర్ పెట్టి నేసే గుడ్డలు బోలెడు.

రంగునీళ్ళు

నాలుగు ప్రశ్నల్లో అంగడివాళ్ళు అసలు మాట్లాడనిది ఇది. నా మటుకు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే.

నూలుకు రంగు పట్టాలంటే ఇప్పుడు ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులకు ఉప్పు చాలా కావాలి. ఉప్పు రంగును నీళ్ళలోంచి నూలు మీదికి నెడుతుంది. అయినా మొత్తం రంగు పట్టదు. కొంత నీళ్ళలోనే ఉండిపోతుంది. ఆ నీళ్ళలో రంగు పోగొట్టడం కొంత తేలికే, కరిగిపోయిన ఉప్పును తియ్యడమే కష్టం. అందుకు ఆర్‌వో యంత్రాలు పెట్టాలి, మిగిలిన చిక్కటి నీళ్ళను మరిగించి ఆవిరి చెయ్యాలి. దానికి కరెంటు, కట్టెలు, డబ్బు కావాలి. ఆ ఖర్చు పెట్టకుండా వాగులోకి వదిలేస్తే గుడ్డ చవగ్గా వస్తుంది, వాగు కింద పొలమున్న రైతు మాత్రం నష్టపోతాడు.

తమిళనాడులోని తిరుప్పూరులో సరిగ్గా ఇదే జరిగింది. మనం వేసుకునే బనియన్లు, టీషర్టులు అక్కడివే ఎక్కువ. అక్కడి అద్దకం నీళ్ళతో నొయ్యల్ నది పాడై, సాగుకని కట్టిన ఒరత్తుపాళయం డ్యామ్ రంగునీళ్ళ తొట్టిలా మారింది. రైతులు కోర్టుకు పోయారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లన్నీ మూసెయ్యమంది. ఒక్క చుక్క కూడా బయటికి వదలని పద్ధతి పెట్టుకున్నవాళ్ళే తిరిగి తెరుచుకోగలిగారు.

మన దగ్గర నగరి, పుత్తూరు, నారాయణవనం వైపు పోతే మరమగ్గాల చప్పుడు వీధి మొదట్లోనే వినిపిస్తుంది. వాటిమీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అక్కడి అద్దకం యూనిట్ల రంగునీళ్ళు కుశస్థలి నదిలో కలుస్తున్నాయన్న ఫిర్యాదు ఏళ్ళుగా ఉన్నదే. ఆ నది తమిళనాడులో అడుగుపెట్టాక కొసస్తలయ్యారు అవుతుంది, పూండి జలాశయంలోకి చేరుతుంది, అక్కడి నుంచి చెన్నై వాళ్ళ గ్లాసులోకి పోతుంది. యూనిట్లు మూయించెయ్యమనడం తేలిక. ఆ పని పోతే నూలు చుట్టే ఆడవాళ్ళు ఏం తింటారు? అందరికీ కలిపి నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు సరిగా నడవాలి, దాని ఖర్చు గుడ్డ ధరలో కనబడాలి, మనం ఆ ధర ఇవ్వడానికి ఒప్పుకోవాలి. నాకు తోచిన దారి ఇదొక్కటే.

అట్లాగైతే సహజ రంగులు వాడిన గుడ్డలే కొనేద్దాం అంటారు కొందరు. శ్రీకాళహస్తిలో కలంకారీ పని దగ్గరుండి చూస్తే ఆ మాట ఎంత పెద్దదో అర్థమవుతుంది. ముందు నూలు గుడ్డను ఉతికి గంజి పోగొడతారు. కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరేస్తారు. కరక్కాయలోని వగరు రంగును నూలుకు పట్టిస్తుంది, పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. చింతబరికె కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన ద్రావకాన్ని కసిం అంటారు. వెదురు కలానికి చుట్టిన గుడ్డను వేళ్ళతో మెల్లగా నొక్కుతూ దానితో గీతలు వేస్తారు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే ఆ గీత నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి, ఎర్రరంగునిచ్చే వేళ్ళు, చెక్కలతో గుడ్డంతా ఉడికిస్తారు. పటిక ఉన్న చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. పసుపు వేరే, నీలం వేరే. ప్రతి రంగుకూ మధ్య పారే నీళ్ళలో జాడించాలి. ఈ కళ సువర్ణముఖి ఒడ్డున పెరగడానికి కారణం అదే. ఆ నదిలో పారే నీళ్ళు ఇప్పుడు ఏడాదిలో కొన్ని నెలలే కనిపిస్తాయి.

అంటే సహజ రంగుకు కూడా నీళ్ళు కావాలి, మామూలుగా కాదు, చాలా కావాలి. కాకపోతే బయటికి పోయే నీళ్ళలో ఉండేది కరక్కాయ, బెల్లం, పటిక. ఇంత ఓపికతో చేసిన చీర వేలల్లో కాక వందల్లో ఎట్లా వస్తుంది? అంగళ్ళలో మీటరు మూడొందలకు అమ్మే ‘కలంకారీ’లో ఎక్కువ భాగం మిషన్ మీద అచ్చొత్తిన బొమ్మ. తేడా పట్టడానికి గీతలు చూడండి. చేత్తో గీసినదైతే ఒకే నెమలి రెండుసార్లు అచ్చంగా ఒకేలా ఉండదు, గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పోతుంది. వెనక్కి తిప్పితే రంగు అవతలికి కొంత దిగి కనిపిస్తుంది. కొత్త గుడ్డకు పాల వాసన ఉంటుంది. 1950ల చివర్లో, చేతివృత్తులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం రాకపోయి ఉంటే ఈ విద్య అప్పుడే ఆరిపోయేదేమో. ఆ ఊరి జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అచ్చొత్తిన గుడ్డ కొనడం తప్పు కాదు. కానీ దాన్ని కలంకారీ అని పిలిచి అమ్మితే, ఆ కలం పట్టుకున్న చేతి అన్నం లాక్కున్నట్టే.

చేతులు

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా అనే భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారాయి. కింద ఉన్న బ్యాంకు, అంగళ్ళు మూసేశారు. పైన కుట్టుపని చేసేవాళ్ళను మాత్రం రమ్మన్నారు. ఆ రోజు తర్వాతే పెద్ద బ్రాండ్లు తమ ఫ్యాక్టరీల పేర్లు బయటపెట్టడం పెరిగింది. అయితే ఆ జాబితాల్లో ఎక్కువగా ఉండేవి కుట్టే ఫ్యాక్టరీలే. గుడ్డ నేసిన చోటు, రంగు వేసిన చోటు, నూలు వడికిన మిల్లు చాలా కంపెనీల జాబితాల్లో ఉండవు. తమిళనాడు నూలు మిల్లుల్లో ‘సుమంగళి’ పథకం పేరుతో పెళ్ళికాని ఆడపిల్లలను మూడేళ్ళు హాస్టళ్ళలో ఉంచి, చివర్లో పెళ్ళి ఖర్చుకు ఒకేసారి డబ్బిస్తామని పనిచేయించుకున్న సంగతి బయటపడింది కూడా కుట్టు ఫ్యాక్టరీల తనిఖీల్లో కాదు, మిల్లులదాకా వెళ్ళి చూసినవాళ్ళ వల్లే.

చేనేత కొంటే ఈ బాధ లేదనుకుంటాం. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. మగ్గానికి కరెంటు అక్కర్లేదు, పొగ లేదు, ఊళ్ళోనే పని. ఇవన్నీ నిజమే. కానీ 2019-20 చేనేత గణన ప్రకారం మన దేశంలో నేత కుటుంబాల్లో 66 శాతానికి నెలకు వచ్చేది 5,000 రూపాయల లోపే. భూమి సంగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న గుడ్డ కూలి సంగతిలో తప్పిపోవచ్చు. నేతగాడు మాస్టర్ వీవర్ దగ్గర నూలు తెచ్చుకుని మజూరీకి నేస్తాడు. చీర అంగట్లో ఎంతకు అమ్ముడుపోయినా అతని మజూరీ పెరగదు. అందుకే ‘చేనేత’ అనే మాట విన్నప్పుడు నేను ఇంకో ప్రశ్న వేస్తాను. ఎవరి దగ్గర కొన్నారు? సొసైటీ దగ్గరా, మగ్గం ఉన్న ఇంట్లోనా, నాలుగు చేతులు మారాకా?

2022లో జిల్లాలు విడదీసినప్పుడు వెంకటగిరి మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఇంత దగ్గర ఊరికి ఒకసారి పోయి మగ్గం మీద జాందానీ అనే పువ్వుల నేత ఎట్లా వేస్తారో చూసిరండి. పువ్వు రావాల్సిన చోట మాత్రమే రంగు పోగును చేత్తో ఇరికించి, పువ్వు అయిపోగానే అక్కడే మళ్ళిస్తారు. అందువల్ల వెనకవైపు కూడా పువ్వు శుభ్రంగా ఉంటుంది. మరమగ్గం మీద చేసిన నకలు తిప్పి చూస్తే పువ్వుకూ పువ్వుకూ మధ్య పొడుగు పోగులు వేలాడుతుంటాయి, లేదా వాటిని కత్తిరించిన కురచ కొనలు కనిపిస్తాయి. ఈ ఒక్క గుర్తు నాకు ముందే తెలిసుంటే రెండేళ్ళ కిందట ఆన్‌లైన్‌లో వెంకటగిరి చేనేత అని నమ్మి నాలుగు వేలు పోసేదాన్ని కాదు. పార్సెల్ విప్పి వెనక్కి తిప్పగానే కత్తిరించిన కొనలు కనిపించాయి. వాపసు తీసుకోవడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. డబ్బు పోయినందుకు కంటే, ఆ ఊరి పేరు వాడుకున్నందుకు ఎక్కువ కోపమొచ్చింది.

ముద్రలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

గుర్తులన్నీ బోగస్ అని తోసిపారెయ్యకండి. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు, అంతే. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 ముద్ర ఉంటే, తయారైన గుడ్డలో ఒంటికి హానిచేసే మోతాదులో రసాయనాలు లేవని పరీక్షించారని అర్థం. పసిపిల్లల గుడ్డలకు అది చాలా అవసరం. కానీ రంగునీళ్ళు ఎటు పోయాయో, కూలి ఎంతో అది చెప్పదు. హ్యాండ్లూమ్ మార్క్ చేత్తో నేసిందని చెబుతుంది, రంగు ఏదో చెప్పదు. సిల్క్ మార్క్ అసలు పట్టని చెబుతుంది, మగ్గం ఏదో చెప్పదు. ఖాదీ మార్క్ అయితే వడకడం, నెయ్యడం రెండూ చేత్తోనే జరిగాయని. నాలుగు ప్రశ్నల్లో ఎక్కువ వాటిని తాకేది గాట్స్. పత్తి నుంచి అద్దకం నీళ్ళ శుద్ధి, పనివాళ్ళ పరిస్థితుల దాకా దానికి నియమాలున్నాయి. ‘ఆర్గానిక్’ అని రాయాలంటే 95 శాతం ఆర్గానిక్ పీచు ఉండాలి, ‘ఆర్గానిక్‌తో చేసినది’ అనడానికి 70 శాతం చాలు. అసలు లేబుల్ మీద లైసెన్సు నంబరుంటుంది. దాన్ని గాట్స్ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే కంపెనీ పేరు రావాలి. నంబరు లేని గాట్స్ ముద్రను నమ్మకండి.

ముద్రే లేకుండా కంపెనీ తనకు తాను ఇచ్చుకునే బిరుదులు వేరే. కాన్షస్, ఇకో, గ్రీన్ ఇట్లాంటివి. నెదర్లాండ్స్ ప్రభుత్వ వినియోగదారుల, మార్కెట్ల నియంత్రణ సంస్థ ఏసీఎమ్ ఇట్లాంటి మాటలకు ఆధారం అడిగితే, 2022లో హెచ్ అండ్ ఎమ్, డెకథ్లాన్ ఆ లేబుళ్ళను మార్చుకుంటామని, తీసేస్తామని ఒప్పుకున్నాయి. మన దేశంలోనూ 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పర్యావరణం పేరుతో చేసే బూటకపు ప్రచారాల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ఆధారం చూపకుండా ‘ఇకో ఫ్రెండ్లీ’ అనడానికి వీల్లేదు. ఫిర్యాదు చెయ్యాలంటే 1915 నంబరుంది. ఆ ఆకుపచ్చ కుర్తీ అట్టముక్కను నేను ఫోటో తీసి పెట్టుకున్నాను.

ఎన్నిసార్లు?

నాలుగో ప్రశ్న పూర్తిగా మన చేతిలో ఉన్నది. నాలుగొందల కుర్తీని ఆరుసార్లు తొడిగి పక్కన పడేస్తే ఒక్కోసారికి దాదాపు అరవై ఏడు రూపాయలు పడింది. రెండున్నర వేల నూలు చీరను ఎనభైసార్లు కడితే ఒక్కోసారికి ముప్పై ఒకటి. భూమి మీద పడే బరువు కూడా ఇట్లాగే పంచుకుపోతుంది. 2000 నుంచి 2015 లోపల ప్రపంచంలో బట్టల ఉత్పత్తి దాదాపు రెట్టింపయింది, ఒక్కో బట్టను వాడే సార్లు మూడో వంతుకు పైగా తగ్గాయి. ఎంత మంచి పత్తితో చేసినా ఈ లెక్కను ఏ బ్రాండూ సరిచెయ్యలేదు.

మా అమ్మ తరంలో ఒక చీర బతుకు ఎట్లా ఉండేదో నాకు బాగా గుర్తు. మొదట పండగలకు, పెళ్ళిళ్ళకు. రంగు కాస్త వెలిశాక ఇంట్లోకి. అంచు చిరిగితే తిరగేసి కుట్టి మరో ఏడాది. ఆ తర్వాత ఉయ్యాల, బొంత. ఇంట్లో కాన్పు ఉందంటే ఇరుగుపొరుగు నుంచి కూడా బాగా నలిగిన నూలు చీరలు అడిగి తెచ్చి పొత్తిగుడ్డలు చేసేవాళ్ళు. పసిబిడ్డ ఒంటికి కొత్త గుడ్డ గరుకు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడిందే కావాలి. గుడ్డ కొనేటప్పుడు నేను ఇప్పటికీ మనసులో వేసుకునే పరీక్ష ఇదే: దీనితో చివరికి పొత్తిగుడ్డ అవుతుందా?

పాత గుడ్డలకు స్టీలు సామాన్లిచ్చే ఆడవాళ్ళు మన వీధుల్లో ఇప్పటికీ తిరుగుతున్నారు. వాళ్ళు ఆ గుడ్డల్ని ఏరి, కుట్టి, ఉతికి మళ్ళీ అమ్మకానికి పెడతారు. వాళ్ళు చేసే మేలు పెద్ద కంపెనీల ‘పాతవి తెచ్చిస్తే కూపన్’ పథకాల కంటే తక్కువేం కాదు. మూటలోంచి చిరిగిన పాలిస్టర్ తీసి పక్కకు విసిరేసి, నూలు గుడ్డను చేత్తో నిమిరి దగ్గర పెట్టుకోవడం ఎన్నోసార్లు చూశాను. ఏ సర్టిఫికెట్ అక్కర్లేకుండా గుడ్డ విలువ తెలిసినవాళ్ళు వాళ్ళు.

దర్జీని మరిచిపోకండి. కొనేటప్పుడే లోపలి కుట్టు తిప్పి, పక్కల్లో వేలు వెడల్పు గుడ్డ వదిలారా అని చూడాలి. వదిలితే ఒళ్ళు మారినా విప్పి కుట్టించుకోవచ్చు. రెడీమేడ్లలో అంచును ఓవర్‌లాక్ చేసి ఏమీ మిగల్చకుండా కత్తిరిస్తారు. అట్లాంటిది రెండేళ్ళకు మించి మనతో రాదు. చీరకు ఫాల్ వేయించడం, గుండీ ఊడితే ఆ రోజే కుట్టడం, రంగు గుడ్డను తిరగేసి నీడలో ఆరెయ్యడం లాంటి చిన్న పనులు ఏ బ్రాండ్ మార్చినా రానంత మేలు చేస్తాయి. మన ఎండకు రెండు నెలల్లో మంచి రంగు కూడా వెలిసిపోతుంది.

ఆ సాయంత్రం ఆకుపచ్చ కుర్తీ అక్కడే వదిలేశాం. ఆప్కో చేనేత అంగట్లో మూడు కుర్తీలకు సరిపడా నూలు గుడ్డ తీసుకున్నాం. దర్జీ కూలీతో కలిపితే రెడీమేడ్ కంటే ఒక్కోదానికి నూటయాభై ఎక్కువే అయ్యింది. నాలుగోది మాత్రం పిల్ల తనకు నచ్చిన బ్రాండ్‌లోనే కొనుక్కుంటానంది. సరేలే, కొనేముందు వాళ్ళకు ఒక మెయిల్ పెట్టమన్నాను. ఈ గుడ్డకు రంగు ఏ ఊళ్ళో వేశారు, ఆ నీళ్ళు ఎక్కడ శుద్ధి చేస్తున్నారు అని రెండే ప్రశ్నలు.

తొమ్మిది రోజులకు జవాబొచ్చింది. తమకు భూమి పట్ల ఎంత బాధ్యతుందో రెండు పేరాలు రాసి, కింద కుట్టు ఫ్యాక్టరీ పేరు, ఊరు ఇచ్చారు. రంగు సంగతి లేదు. పిల్ల నాకు ఫోన్ చేసి చదివి వినిపించింది. “ఏం చెయ్యమంటావత్తా?” అంది. “మళ్ళీ అడుగు” అన్నాను. అదే ప్రశ్నను అదే మాటల్లో ఆ రాత్రే మళ్ళీ పంపింది.